మందుకు మందే పగయైనప్పుడు



మన పూర్వపు వైద్యుడు మాత్రను చేతిలో పెట్టి ఊరకుండెడివాడు కాడు. దానిని తేనెతో రంగరించి పుచ్చుకొనవలయునా, అల్లపురసముతోనా, మజ్జిగతోనా యని అనుపానము చెప్పెడివాడు. ఎన్ని దినములు వంకాయ, గోంగూర, చింతపండు ముట్టరాదో పథ్యము చెప్పెడివాడు. ఇంటిలోని పెద్దలు రోగి విస్తరిమీద కన్నువేసి ఆ పథ్యమును జరిపించెడివారు. ఆ పథ్యములన్నిటికిని నేటి శాస్త్రము ఒప్పుకొనునని నేననను. కాని మందు కడుపులో ఒంటరిగా పనిచేయదనియు, దానితోడ లోపలికి బోవు ఇతర పదార్థములు దానికి తోడుగానో పగగానో నిలుచుననియు మనవారెరిగిన మూలసూత్రము మాత్రము నిజము.

నేడు నేను చెప్పబూనినది అట్టి సంగతియే. హెచ్.ఐ.వి. అను వైరసు సోకినవారు ప్రతిదినమును వేసికొను మాత్రలకును, వారే ఇతర రుగ్మతలకై వేసికొను మందులకును నడుమ గలుగు వైరమును గూర్చి కొంత విన్నవించెదను. ఇది వైద్యులు తమలో తాము మాటలాడుకొనవలసిన విషయము గాని గ్రామపెద్దలకు చెప్పనేల యని మీకు తోచవచ్చును. హెచ్.ఐ.వి. మాత్ర దొరకునది పట్టణపు ఆసుపత్రిలో. దానికి పగయైన మందు దొరకునది మీ రచ్చబండకు నాలుగడుగుల దూరమున నున్న దుకాణములో. అందుచేత మీకే చెప్పవలసివచ్చినది.

మన దేశమున ఈ వైరసును మొట్టమొదట 1986వ సంవత్సరమున మద్రాసులో రక్తపరీక్షల ద్వారా గుర్తించిరి. అప్పటికి దీనికి మందన్నది లేదు. 1987లో అమెరికాలో జిడోవుడిన్ అను మొదటి మందునకు అనుమతి లభించెను గాని ఒక్క మందుతో ఈ శత్రువు లొంగలేదు. 1996 ప్రాంతమున మూడు మందులను కలిపి ఇచ్చు పద్ధతి వచ్చిన పిమ్మటనే మరణములు తగ్గుముఖము పట్టినవి. మన ప్రభుత్వమువారు 2004 ఏప్రిల్ 1వ తేదీ నుండి ఈ మందులను ఉచితముగా ఇయ్యనారంభించిరి. ఈ వైరసు సోకినవారి సంఖ్యలో దేశమున ముందు వరుసనున్న రాష్ట్రములలో ఆంధ్రప్రదేశ్ ఒకటి గనుక ఆ దినము మన ప్రాంతమునకు ముఖ్యమైన దినము. ఏ.ఆర్.టి. కేంద్రములని పిలువబడు ఆ చికిత్సాస్థానములు నేడు మన జిల్లాల ఆసుపత్రులలో నున్నవి.

ఇప్పుడు చికిత్సకు కొత్తగా వచ్చు పెద్దవయసు వారికి సాధారణముగా ఇచ్చునది దినమునకొక్క మాత్ర. ఆ యొక్క మాత్రలో మూడు మందులు కూర్చబడియుండును: టెనోఫోవిర్ 300 మిల్లీగ్రాములు, లామివుడిన్ 300 మిల్లీగ్రాములు, డొల్యుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు. దీనిని జీవితాంతము వేసికొనవలెను. తప్పక వేసికొన్నచో రక్తములోని వైరసు పరీక్షకు సైతము అందనంతగా తగ్గిపోవును. అట్లు తగ్గి నిలిచినవారి నుండి దాంపత్యము వలన ఇతరులకు ఆ వైరసు సోకదు. వారు వ్యవసాయము చేసికొందురు, పిల్లల పెండ్లిండ్లు చేయుదురు, మనుమలనెత్తుకొందురు. అనగా వారును మనవలెనే ముసలివారగుచున్నారు. ముసలితనముతో మధుమేహము, రక్తపుపోటు, మోకాళ్ళ నొప్పులు, పుల్లత్రేన్పులు రాకమానవు. ఆయువు పెరిగినకొలది మందుల సంచియు బరువెక్కును. ఈ వైరముల ప్రసంగము నేడు ఇంత అవసరమగుటకు కారణమిదే.

మొదట ఒక మాట తెలిసికొనవలెను. మాత్ర మ్రింగుట వేరు, మాత్ర పనిచేయుట వేరు. మ్రింగిన మందు రక్తములో ఒక మట్టమునకు చేరి, మరునాటి మాత్ర పడువరకు ఆ మట్టము తగ్గక నిలువవలెను. వరిమడిలో నీరు నిలిచియున్నంతకాలము కలుపు అణగియుండును. నీరు ఇంకి నేల బయటపడగానే కలుపు తలయెత్తును. ఈ వైరసు నడతయు నట్టిదే. అంతేకాదు, ప్రత్తిచేలలో చాలీచాలని మందు చల్లినచో చావక మిగిలిన పురుగు మరుసటి యేట ఆ మందునకు లొంగదని మీ యనుభవమే చెప్పును. రక్తములో మందు మట్టము నెలల తరబడి తక్కువగా నున్నచో వైరసును అట్లే తేరుకొనును. పిదప ఆ మందు ఎంత వేసినను ఫలితముండదు. రోగి ఒక్కనాడైనను మాత్ర మానియుండడు. అయినను మందు ఓడిపోయియుండును.

ఈ మట్టము తగ్గు మార్గములు ముఖ్యముగా రెండు. ఒకటి కడుపులో, రెండవది కాలేయములో.

కడుపులోని సంగతి ముందు చెప్పెదను. పైని చెప్పిన మూడు మందులలో డొల్యుటెగ్రావిర్ అనునది లోహములను చూచిన పట్టి విడువదు. అల్యూమినియము, మెగ్నీషియము, కాల్షియము, ఇనుము, జింకు - వీనిలో ఏది కడుపులో ఎదురైనను దానితో ముడిపడి, ప్రేగులలోనుండి రక్తములోనికి పోక, మలముతో బయటికి పోవును. ఇప్పుడు మీ ఊరి దుకాణములోని అరలను ఒకసారి తలచుకొనుడు. కడుపుబ్బరమునకు, గుండెమంటకు అమ్ము ఆ తెల్లని, గులాబిరంగు ద్రవముల సీసాలలో నుండునది అల్యూమినియము, మెగ్నీషియములే. నమలి మ్రింగు గ్యాసు బిళ్ళలలో చాలవరకు అవియో, కాల్షియమో యుండును. ఎముకల బలమునకని ఇచ్చు మాత్ర కాల్షియము. నీరసమునకు, రక్తహీనతకు ఇచ్చునది ఇనుము. బలమునకని ఎవరికి వారు కొనుక్కొను విటమిను మాత్రలలో జింకును, ఇనుమును కలిసియుండును. వీనిలో నొక్కటియు విషము గాదు. ఎవరి పనికి అది మంచిదే. ఒకే వేళకు ఒకే కడుపులో పడుటయే చెరుపు.

దీనికి నియమము చిక్కైనది కాదు. గ్యాసు సీసా త్రాగువారు హెచ్.ఐ.వి. మాత్రను దానికి 2 గంటల ముందైనను, 6 గంటల తరువాతనైనను వేసికొనవలెను. రాత్రి 8 గంటలకు మాత్ర వేసికొను అలవాటున్నవాడు ఆ సీసాను మధ్యాహ్నము 2 గంటలలోపల త్రాగవచ్చును. లేనిచో రాత్రి 10 దాటిన పిమ్మట త్రాగవచ్చును. నడుమ 8 గంటల కాలము దానికి తావులేదు. కాల్షియము, ఇనుము మాత్రల విషయమున కొంత వెసులుబాటు కలదు. అన్నము తినుచు రెండును కలిపి వేసికొన్నచో హాని యుండదు. పరగడుపున మాత్రము కలుపరాదు. అప్పుడు ముందు చెప్పిన 2, 6 గంటల లెక్కయే పాటించవలెను. పాలు, పెరుగులలో కాల్షియము కలదుగదా, వానిని మానవలయునా యని కొందరడుగుదురు. అక్కరలేదు. ఈ మాత్రకు భోజనముతో పేచీ లేదు.

ఇచ్చట గర్భిణీ స్త్రీల మాట ప్రత్యేకముగా చెప్పవలెను. తల్లి రక్తములో వైరసు అణగియున్నచో కడుపులోని బిడ్డకు అది సోకు భయము అత్యల్పము. ఆ కాపుదల యంతయు ఈ మాత్రమీదనే ఆధారపడియున్నది. అదే తొమ్మిది నెలలలో ఏ.ఎన్.ఎం. గారు ప్రతి గర్భిణికిని ఇనుము మాత్రలు, కాల్షియము మాత్రలు ఇత్తురు, ఇచ్చుట న్యాయమే. ఇంటిలో అత్తగారు ప్రేమకొలదియే, "ఈ మాత్రలన్నీ ఒక్కసారి వేసుకో తల్లీ, మరిచిపోతావు" అని తెల్లవారగానే పరగడుపున నీళ్ళ చెంబు చేతికిచ్చును. సంగతి అత్తగారికి తెలియని కోడలు ఏమనగలదు? మారుమాటాడక మ్రింగును. ఆ చెంబెడు నీళ్ళతో పోయిన మాత్ర బిడ్డకు పూర్తి రక్షణ ఈయజాలదు. ఏ మాత్రను ఏ పూట భోజనముతో వేసికొనవలెనో కేంద్రములోని వైద్యుడు ఆ అమ్మాయికి కాగితముమీద వ్రాసియిచ్చును. ఇంటివారు చేయవలసినదంతయు ఆ వేళలను ఆమెకు విడిచిపెట్టుటయే.

భస్మముల సంగతియు ఈ వరుసలోనిదే. నేను ఆయుర్వేదమునకు విరోధిని గాను. కాని శంఖభస్మము, ప్రవాళభస్మము కాల్షియపు జాతివి; లోహభస్మము, మండూరభస్మము ఇనుపజాతివి. పేరు సంస్కృతమైనంతమాత్రమున కడుపులోని రసాయనము మారదు. వీనికిని ఆ గంటల నియమమే వర్తించునని యెంచి నడచుకొనుట మేలు. ఏది పుచ్చుకొనుచున్నారో ఆ పొట్లముమీది పేరుతో సహా కేంద్రములో చెప్పుట అంతకంటె మేలు. పేరులేని పొడుల విషయము వేరు. లోపల ఏమున్నదో తెలియనిదానికి ఏ వైద్యుడును గంటలు లెక్కకట్టి చెప్పజాలడు. అట్టివి ముట్టకుండుటయే మంచిది.

ఇక కాలేయము. మనము మ్రింగిన మందులలో చాలవరకు కాలేయమను తిరుగలిలో పడి కొంతకొంతగా నలిగి బయటికి పోవును. తిరుగలి తన వేగమున తిరుగుచున్నంతవరకు లెక్క తప్పదు. కొన్ని మందులు ఆ తిరుగలిని అతివేగముగా త్రిప్పును. అప్పుడు దానిలో బడిన తక్కిన మందులు పని ముగియకముందే పిండియగును. అట్లు త్రిప్పువానిలో అగ్రగణ్యము రిఫాంపిసిన్. ఇది క్షయరోగమునకు మూలస్తంభము వంటి మందు. హెచ్.ఐ.వి. ఉన్నవారిని ఎక్కువగా బలిగొనునది క్షయయే గనుక ఈ రెండు మందులును ఒకే మనిషికి కావలసివచ్చుట తరచు జరుగును.

నేనెరిగిన ఒక రైతు సంగతి చెప్పెదను. ఆయన కొన్నియేండ్లుగా మాత్ర తప్పనివాడు. ఏటేట చేయు పరీక్షలో వైరసు కనబడెడిదికాదు. ఒక యేట చేసిన పరీక్షలో అది వేలలోనికి పోయినది. డబ్బాలోని మాత్రలు లెక్కించితిమి. ఒక్కటి తక్కువలేదు, ఒక్కటి ఎక్కువలేదు. వేరే మందులేవైన వాడుచున్నారా యని యడుగగా లేవనెను. మనిషి చిక్కియుండెను, దగ్గుచుండెను. అప్పుడు నేను, "ఒంటికి పోయినప్పుడు నీళ్ళు ఎర్రగా వస్తున్నాయా?" అని అడిగితిని. రిఫాంపిసిన్ వేసికొనువారి మూత్రము నారింజరంగుగానో, ఎర్రగానో వచ్చుట అందరెరిగినదే. ఆయన కొంతసేపు నేలచూపు చూచి, "మీకెవరు చెప్పారండీ?" అనెను.

ఎవరును చెప్పలేదు. దగ్గు తగ్గక ఆయన పొరుగు జిల్లాలో ఒక ప్రైవేటు డాక్టరునొద్దకు బోయి, క్షయయని తేలి, మూడు నెలలుగా ఆ మందులు వాడుచున్నాడు. అచ్చట ఈ జబ్బు సంగతి చెప్పలేదు, పరువు పోవునని. ఇచ్చట ఆ జబ్బు సంగతి చెప్పలేదు, ఎందుకని యడిగితిని. "క్షయ అంటే ఈ మందు ఆపేస్తారేమోనని భయపడ్డానండీ" అనెను. ఇక్కడి మాట అక్కడికి, అక్కడి మాట ఇక్కడికి చేరకుండ ఆయన రెండు కట్టలు కట్టెను. ఆ రెండింటి నడుమ వైరసు పెరిగినది.

మందు ఆపవలసిన పని ఏమాత్రమును లేదు. చేయవలసినది చాల చిన్నది. దినమునకొకసారి వేసికొను మాత్రకు తోడు, 12 గంటల తరువాత డొల్యుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాముల మాత్ర మరియొకటి ఇచ్చెదము. తిరుగలి వేగము పెరిగినచో గింజలు రెండింతలు పోయుట వంటిది. ఈ రెండవ మాత్రయు ఉచితమే. ఇచ్చట ఒక మెలకువ కలదు. క్షయమందులు ముగిసిన మరునాడే కాలేయము తన పూర్వపు నడకకు రాదు. కావున ఆ రెండవ మాత్రను క్షయచికిత్స ముగిసిన తరువాతగూడ రెండు వారములు వేసికొనవలెను. "క్షయ అయిపోయింది, ఇక ఈ మాత్రెందుకు" అని ఆనాడే మానువారు కలరు, మానరాదు. ఆ రైతు రెండు చికిత్సలను ముగించుకొనెను. తరువాతి పరీక్షలో వైరసు మరల కనబడలేదు. అందరి విషయము ఇంత సులభముగా చక్కబడునని మాత్రము హామీ ఈయలేను. ఆలస్యమైనకొలది వైరసు మొండిదేరును.

మూర్ఛరోగపు మందులలో ఫెనోబార్బిటోన్, ఫెనిటాయిన్, కార్బమజెపీన్ అనునవియు తిరుగలిని ఇట్లే త్రిప్పును. ఇవి చౌకయైనవి, పాతవి, పల్లెలలో చిరకాలముగా వాడుకలో నున్నవి. వీనిలో మొదటి రెండింటిని డొల్యుటెగ్రావిర్‌తో కలుపకుండుటయే మేలు. కార్బమజెపీన్ తప్పనిసరియైనచో డొల్యుటెగ్రావిర్‌ను దినమునకు రెండుమారులు ఈయవలసియుండును. లెవెటిరాసిటామ్ వంటి మందుతో ఈ చిక్కులేదు. అయితే ఈ మాట విని ఎవరును మూర్ఛమందును తమంతట తాము మానరాదు. హఠాత్తుగా మానినచో మూర్ఛలు ఎడతెగక వచ్చి ప్రాణమునకే ముప్పు కలుగును. మార్చుట వైద్యుని చేతిపని.

వెల్లుల్లి సంగతి చాలమంది అడుగుదురు గనుక చెప్పెదను. అమెరికాలో ఆరోగ్యవంతులైన కొందరికి మూడు వారములపాటు వెల్లుల్లి గుళికలనిచ్చి, సాక్వినావిర్ అను పాత హెచ్.ఐ.వి. మందు మట్టమును కొలిచిరి. అది సగమునకు పడిపోయెను. 2002లో ఈ సంగతి ప్రకటింపబడెను. ఆ మందు నేడు మన కేంద్రములలో ఇచ్చునది కాదు. గుళికలోని సారము వేరు, పప్పులో తాలింపు వేసిన నాలుగు రెబ్బలు వేరు. కనుక మన వంటయిండ్లకు భయములేదు. అడవి ఆకైనను, తోట దుంపయైనను, సారముదీసి మందుగా పుచ్చుకొన్నప్పుడు మందువలెనే ప్రవర్తించునని తెలియుటకు మాత్రము ఈ దృష్టాంతము చాలును.

ఇంతవరకు తిరుగలి వేగము పెరిగిన కథ. దాని వేగము తగ్గిన కథయు కలదు, అది మరింత ప్రమాదకరము. మొదటి మందులు ఫలింపనివారికి కొందరికి రిటోనావిర్ అనుదానితో కలిపిన మందులు ఇత్తురు; అటజానావిర్, లోపినావిర్ అనునవి అట్టివి. రిటోనావిర్‌ను వేయుటయే తిరుగలిని నెమ్మదిపరచుటకు. అట్లయినగాని జతమందు రక్తములో నిలువదు. కాని తిరుగలి నెమ్మదించినప్పుడు అది ఆ యొక్క మందును మాత్రమే గాదుగదా నిలుపునది! మోకాలినొప్పికి కీలులో పొడుచు ట్రయామ్సినలోన్ అను స్టిరాయిడు సూదిమందు తీసికొనుడు. మామూలు మనిషిలో అది కొన్ని వారములలో కరగిపోవును. రిటోనావిర్ వాడువానిలో కరగక పేరుకొని, ముఖము చంద్రబింబమువలె ఉబ్బును, చక్కెర పెరుగును, శరీరము స్వయముగా ఊరించుకొను స్టిరాయిడు ఆగిపోవును. తరువాత చిన్న జ్వరమునకే మనిషి కుప్పగూలవచ్చును. ఉబ్బసమునకు పీల్చు ఫ్లూటికసోన్, బ్యుడెసొనైడ్ మందులతోను ఇట్టి చిక్కు కలిగినట్లు వైద్యగ్రంథములలో నమోదైయున్నది. పార్శ్వపు తలనొప్పికిచ్చు ఎర్గటమిన్ అనుదానితో కలిసినచో రక్తనాళములు ముడుచుకొని వ్రేళ్ళు నల్లబారును. కొవ్వు తగ్గుటకిచ్చు సింవాస్టాటిన్‌తో కండరములు కరగి మూత్రపిండములు చెడును. ఈ జతలు ఎన్నడును కూడనివి. వీరికి క్షయ వచ్చినను రిఫాంపిసిన్ పనికిరాదు. దానికి బదులు రిఫాబ్యుటిన్ అను మందిత్తురు.

డొల్యుటెగ్రావిర్ మాత్రకు ఈ తగవులు లేవు. తనకున్న తగవు ఒకటి మధుమేహపు మందైన మెట్‌ఫార్మిన్‌తో. ఇది మెట్‌ఫార్మిన్‌ను మూత్రము గుండ బయటికి పోనీయక రక్తములో దాని మట్టమును పెంచును. అందుచేత రెండును వాడువారికి మెట్‌ఫార్మిన్‌ను సాధారణముగా దినమునకు 1000 మిల్లీగ్రాములు మించనీయరు. వాంతులు, విరేచనములు ఎక్కువైనచో వెంటనే వైద్యునికి చెప్పవలెను. చక్కెర మందును మానుట మాత్రము పరిష్కారము కాదు.

నొప్పిమందుల విషయము మీకందరికిని ఎక్కువ పనికివచ్చునది. నాట్లు వేసిన రోజులలో, కోతల రోజులలో నడుములు పట్టి, సాయంకాలము ఊరి డాక్టరుచేత డైక్లోఫెనాక్ సూది వేయించుకొనుట నేడు పల్లెలలో కాఫీ త్రాగినంత మామూలైపోయినది. ఆరోగ్యవంతులకే అది అలవాటుగా మంచిదిగాదు. టెనోఫోవిర్ మూత్రపిండముల గుండ బయటికి పోవుచు వానికి కొంత శ్రమ కలిగించు మందు. ఆపైన డైక్లోఫెనాక్ వంటివి తోడైనచో మూత్రపిండములు హఠాత్తుగా దెబ్బతినవచ్చును. ఎండలో చెమటోడ్చి నీరు చాలని దేహమునకు ఈ ముప్పు మరింత. నొప్పికి, జ్వరమునకు మితముగా పారాసిటమాల్ వేసికొనవచ్చును. దానితో ఈ మాత్రకు జగడము లేదు. విరేచనములకు కలుపుకొని త్రాగు ఓ.ఆర్.ఎస్. నీటితోను లేదు. రక్తపుపోటుకు వాడు ఆమ్లోడిపిన్‌తో డొల్యుటెగ్రావిర్‌కు విరోధములేదు. గుండెమంటకు పరగడుపున వేసికొను ఒమెప్రజోల్‌తోను దీనికి విరోధములేదు, రిటోనావిర్ జతలోని అటజానావిర్‌కు మాత్రము కలదు. ఇన్ని చెప్పితినని బెదరి, తక్కిన మందులన్నిటిని పారవేయువాడు ఒక్కడున్నను నా ప్రసంగము చెరుపు చేసినదగును. పగ కొన్నింటితోనే, వానిలోను చాలవాటికి వేళ మార్చుటయో, మోతాదు మార్చుటయో, జత మార్చుటయో ఉపాయము కలదు. ఇంగ్లండునందలి లివర్‌పూలు విశ్వవిద్యాలయమువారు ఏ మందునకు ఏ మందుతో పొత్తు కుదురునో, కుదరదో పట్టికలు కట్టి లోకమునకంతకు ఉచితముగా అందించుచున్నారు. కేంద్రములోని వైద్యుడు సందేహము కలిగినప్పుడు వానిని చూచుకొనగలడు.

చూచుకొనవలెనన్నచో వానికి ముందు సంగతి తెలియవలెను. ఇక్కడనే చిక్కంతయు. ఊరి డాక్టరుకు తన జబ్బు చెప్పుమని రోగికి బోధించుట సులభము. ఆ డాక్టరు బల్లమీదనే ఆయన వియ్యంకుడు కూర్చుండియుండును. దుకాణములో మాత్ర పేరెత్తినచో సంజవేళకు ఊరంతయు పేరెత్తును. 2017లో చేయబడి, 2018 సెప్టెంబరు 10వ తేదీ నుండి అమలులోనికి వచ్చిన హెచ్.ఐ.వి. చట్టము ప్రకారము నమ్మి చెప్పిన ఒకని జబ్బు సంగతిని వాని అనుమతి లేక వెల్లడిచేయరాదు. చట్టము మంచిదే; కాని రచ్చబండమీది గుసగుసను పట్టి తీసికొనిపోవు జవాను ఇంకను పుట్టలేదు.

కాబట్టి నేను రోగులకు వేరొక దారి చెప్పుచుందును. మీ రహస్యమును ఊరికి తెలుపనక్కరలేదు. ఊరిలో వ్రాసిన చీటిని మీ రహస్యమెరిగిన చోటికి తెండు. క్రొత్తగా ఎవరు ఏ మందు వ్రాసినను, అది దగ్గుమందైనను, బలమునకైనను, సూదియైనను, తొందర లేనిదైనచో మొదటి మోతాదు వేసికొనకముందే కేంద్రమునకు ఫోను చేసి ఆ పేరు చదివి అడుగుడు. నెలమందులకు వచ్చునప్పుడు ఇంటిలోనున్న మందులన్నిటిని, ఖాళీ అట్టలతో సహా, ఒక సంచిలో వేసికొని రండు. ఆపదవేళ, పాము కరచినప్పుడో, ఒళ్ళు తెలియనప్పుడో, కేంద్రమువారిచ్చిన పుస్తకమును వైద్యుని చేతికొక్కనికే ఇచ్చునట్లు ఇంటిలో నమ్మినవారొకరికి చెప్పియుంచుడు.

పెద్దలారా, మీవలన కావలసిన సాయము దీనికి చేరువలోనే యున్నది. మీ వీధి యరుగుమీద ఒకడు కడుపు పట్టుకొని కూర్చుండగా మీరు గ్యాసు సీసా తెప్పించి ఇత్తురు. "ఇప్పుడు వద్దు బాబాయ్, తరువాత త్రాగుతాను" అని వాడనినచో, "ఏం, ఎందుకు త్రాగవు?" అని నలుగురిలో నిలదీయకుడు. వానికి వేళ చూచుకొనవలసిన మాత్ర ఒకటి ఉండవచ్చును, లేకపోవచ్చును. అది మనకు తెలియనక్కరలేదు. మీ మోకాలికి గుణమిచ్చిన సూదిని మీ తమ్మునికి పొడిపించువరకు పట్టువిడువని ప్రేమ మనలో చాలమందికి కలదు. "మీ డాక్టరునడిగి వేయించుకోరా" అని ఆపుడు. నెలకొకసారి పట్నమునకు బోయి వచ్చువానిని ఏ పనిమీదనని వెంటబడి అడుగకుడు. మీ ఊరి డాక్టరు, మందుల దుకాణముదారు మీ మాట వినువారే. సూదివేయుటకు ముందు, సీసా ఇచ్చుటకు ముందు, "రోజూ వేసుకునే మందులేమైనా ఉన్నాయా?" అని వచ్చిన ప్రతివానిని, ఏకాంతముగా, అడుగు అలవాటు చేసికొమ్మని వారికి చెప్పుడు. అందరిని అడిగినచో ఒకరిని అనుమానించినట్లుండదు. మధుమేహము వానికి, రక్తపుపోటు వానికి, గుండెజబ్బు వానికి గూడ ఆ ప్రశ్న మేలు చేయును.

ఈ జబ్బును గూర్చిన ఏ సందేహమునకైనను పేరు చెప్పనక్కరలేక, డబ్బు ఖర్చులేక, 1097 అను నంబరుకు ఫోను చేసి అడుగవచ్చును. మీకు తెలిసినవారెవరికైన అవసరము కలిగినచో ఆ నాలుగంకెలు చెప్పుడు; ఎవరికొరకని వారిని తిరిగి ప్రశ్నింపకుడు. సెలవు.